పది నిమిషాలకొక వరుస

పరీక్షా ఫలితాలు చూపించే సర్వర్‌కు ఏడాదంతా తీరికే. ఒక్క రోజు మాత్రం ఊపిరి సలపదు.

వరంగల్ విద్యారణ్యపురిలోని కాకతీయ విశ్వవిద్యాలయం 1976లో ఏర్పడింది. ఎంబీఏ, ఎంసీఏ ప్రవేశాలకు జరిపే ఐసెట్‌ను ఉన్నత విద్యామండలి తరఫున చాలా ఏళ్లు నిర్వహించింది ఈ విశ్వవిద్యాలయమే. ఇలాంటి పరీక్ష ఏదైనా సైటు మీద రద్దీ తీరు ఒకటే. నోటిఫికేషన్ నాడు కొద్దిమంది చూస్తారు. దరఖాస్తుకు ఆఖరి తేదీ రాత్రి ఇంకొంతమంది. హాల్‌టికెట్ల రోజు మరికొంతమంది. "మధ్యాహ్నం మూడున్నరకు ఫలితాలు" అని టీవీలో స్క్రోలింగ్ వచ్చిందంటే మాత్రం ఆదిలాబాద్ నుంచి ఖమ్మం దాకా పరీక్ష రాసినవాళ్లు, వాళ్ల అన్నలు, అక్కలు, ఊళ్లో ఇంటర్నెట్ సెంటర్ నడిపేవాళ్లు అందరూ మూడూ ఇరవైతొమ్మిది నుంచే ఆ పేజీని నొక్కుతూ కూర్చుంటారు. ఇంటర్ ఫలితాలు బోర్డు సైటుతో పాటు పత్రికల సైట్లలో కూడా కనిపించడం ఈ రద్దీని పంచడానికి బాగా పనికొచ్చింది.

ఇది ఫలితాలతో ఆగే విషయం కాదు. 2020 అక్టోబర్ 29న ధరణి పోర్టల్ ప్రారంభమై, నవంబర్ 2 నుంచి తహసీల్దార్ కార్యాలయాల్లో వ్యవసాయ భూముల రిజిస్ట్రేషన్లు మొదలయ్యాక, తొలి రోజుల్లో సాంకేతిక ఇబ్బందులు వచ్చాయని పత్రికలు రాశాయి. కులం సర్టిఫికెట్ కోసం మీసేవకు వెళ్లి "సర్వర్ డౌన్ ఉంది, మధ్యాహ్నం రండి" అనిపించుకోని కుటుంబం అరుదు.

వరుసలో నిలబడ్డ మనిషికి ఆ జవాబు చాలు, ఇంటికి వెళ్లిపోతాడు. బాగుచేయవలసిన ఇంజనీరుకు మాత్రం అందులో పనికొచ్చే ముక్క ఒక్కటీ లేదు. అతను ఫోన్ల మీద ఫోన్లు అందుకుని, లాగిన్ అయి చూసేసరికి ముప్పావుగంట గడిచిపోతుంది. జనం విసిగి వెళ్లిపోయి ఉంటారు. ప్రాసెసర్ వాడకం ఆరు శాతం. మెమరీ ఖాళీ. డిస్క్ నిశ్శబ్దం. "ఎక్కువ మంది ఒకేసారి రావడం వల్ల" అని నివేదికలో ఒక వాక్యం రాస్తాడు. అది అబద్ధం కాదు. కానీ వచ్చే ఏడు ఏం మార్చాలో అది చెప్పదు. ఆ వేళ యంత్రం లోపల ఏం జరిగిందో తెలియాలంటే, ఆ వేళే ఎవరో రాసిపెట్టి ఉండాలి. అలా రాసిపెట్టే పద్ధతి గురించే ఈ అధ్యాయం.

నాలుగు వనరులు, కొన్ని లెక్కలు

సర్వర్‌లో పని జరగడానికి ముఖ్యంగా నాలుగు కావాలి: ప్రాసెసర్, మెమరీ, డిస్క్, నెట్‌వర్క్. పేజీ ఆలస్యమైందంటే చాలావరకు ఈ నాలుగింటిలో ఏదో ఒకదాని కోసం పని ఆగిందనే అర్థం. పనితీరు విశ్లేషణలో పేరున్న ఇంజనీరు బ్రెండన్ గ్రెగ్ ప్రతి వనరునూ మూడు ప్రశ్నలు అడగమంటాడు. అది ఎంతసేపు పనిలో ఉంది? దాని ముందు ఎంత పని క్యూలో ఆగి ఉంది? తప్పులేమైనా దొర్లాయా? మొదటి ప్రశ్న అందరూ అడుగుతారు. జబ్బు ఎక్కువసార్లు బయటపడేది రెండో ప్రశ్న దగ్గర.

ఈ లెక్కలు ఎక్కడి నుంచి వస్తాయి? లైనక్స్ నడిచే సర్వర్‌లో "ప్రాక్" అనే డైరెక్టరీ ఉంటుంది. అందులోని ఫైళ్లు నిజానికి డిస్క్ మీద ఉండవు. తెరిచి చదివితే, ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండెకాయ లాంటి కెర్నల్ దగ్గర ఆ క్షణాన ఉన్న అంకెలు చూపిస్తాయి. వాటిలో "స్టాట్" అనే ఫైలు చూస్తే, యంత్రం ఆన్ అయినప్పటి నుంచి ప్రాసెసర్ కాలం ఎలా ఖర్చయిందో తెలుస్తుంది. ప్రోగ్రాములు నడపడానికి ఎంత, కెర్నల్ సొంత పనులకు ఎంత, ఊరికే ఖాళీగా ఎంత, డిస్క్ నుంచి జవాబు కోసం చూస్తూ ఖాళీగా ఎంత అని విడివిడిగా ఉంటుంది. సాధారణంగా ఈ లెక్క సెకనులో నూరో వంతుల్లో నడుస్తుంది.

ఈ అంకెలు ఎప్పుడూ పెరుగుతూనే ఉంటాయి. ఒక్కసారి చదివితే వాటికి అర్థం లేదు. రెండుసార్లు చదివి, రెండో దాంట్లోంచి మొదటిది తీసేస్తేనే మధ్యకాలంలో ఏం జరిగిందో తెలుస్తుంది. నాలుగు కోర్ల సర్వర్‌ను 2:00కి ఒకసారి, 2:10కి ఒకసారి చదివామనుకుందాం. మధ్యలో 600 సెకన్లు, నాలుగు కోర్లు, సెకనుకు నూరు వంతులు. మొత్తం 2,40,000 వంతుల కాలం. తేడాలు తీస్తే ప్రోగ్రాములకు 48,000, కెర్నల్‌కు 24,000, డిస్క్ కోసం నిరీక్షణలో 1,20,000, పూర్తి ఖాళీగా 48,000 అని తేలిందనుకుందాం. అంటే ప్రాసెసర్ నిజంగా పనిచేసింది 30 శాతం కాలమే. సగం కాలం డిస్క్ వైపు చూస్తూ గడిపింది. ఈ సర్వర్‌కు ఇంకో నాలుగు కోర్లు కలిపితే డిస్క్ వైపు చూసే కళ్లు పెరుగుతాయి తప్ప పేజీ త్వరగా తెరుచుకోదు.

కొలవడానికి పెద్దగా ఖర్చు లేదు. కెర్నల్ ఎలాగూ లెక్క పెడుతూనే ఉంది. లోపమల్లా ఎక్కడంటే, పాత రీడింగును అది గుర్తుపెట్టుకోదు. రీస్టార్ట్ చేశామా, అన్నీ మళ్లీ సున్నా నుంచి మొదలవుతాయి.

1973 జులై నెల లెక్క

యంత్రం మీద భారాన్ని వేళ ప్రకారం రాసిపెట్టడం ఇంటర్నెట్ కంటే పాత అలవాటు. ఇంటర్నెట్‌కు పూర్వరూపమైన ఆర్పానెట్‌లో ఇంజనీర్లు ఒకరికొకరు సంఖ్యలు వేసి పత్రాలు రాసుకునేవారు. వాటిలో 546వది బాబ్ థామస్ రాసిన పత్రం. ఆయన అమెరికాలో బీబీఎన్ సంస్థ ఉద్యోగి. పత్రంలోని విషయం, టెనెక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ నడిచే కంప్యూటర్ల మీద 1973 జులైలో పడ్డ సగటు భారం.

సగటు భారం అంటే ఏమిటో ఆ పత్రం తేలిగ్గా చెబుతుంది. ఒక గంట సగటు 10 అంటే, ఒకే ప్రాసెసర్ ఉన్న యంత్రంలో ఆ గంటలో ఎప్పుడు తొంగిచూసినా ఒక పని నడుస్తూ, తొమ్మిది పనులు తమ వంతు కోసం సిద్ధంగా నిలబడి కనిపిస్తాయి. ఈ రోజుకీ లైనక్స్ సర్వర్‌లో "లోడ్ యావరేజ్" పేరుతో కనిపించే మూడు అంకెలు ఆ కొలతకు వారసులే. అవి సుమారుగా 1, 5, 15 నిమిషాల సగటులు. ఒక తేడా ఉంది. 1993లో మత్తియాస్ ఉర్లిక్స్ సూచించిన మార్పుతో, ప్రాసెసర్ కోసం నిలబడ్డవాటితో పాటు డిస్క్ జవాబు కోసం ఆగి కదలలేని పనులనూ లైనక్స్ ఇందులో కలిపింది. అందుకే లైనక్స్‌లో లోడ్ 40 అని కనబడితే తప్పు ప్రాసెసర్‌దే అనుకోవడానికి లేదు. ఈ సంగతి కాసేపట్లో మనకు పనికొస్తుంది.

అప్పటికప్పుడు చూసేందుకు "టాప్" అనే ప్రోగ్రాము ఉంది. 1984లో విలియం లెఫెవ్ర్ రాశాడు. చూస్తున్నంతసేపూ అది ఎంతో చెబుతుంది, మూసేస్తే ఏమీ మిగలదు. రాసిపెట్టే పనికి యూనిక్స్ సిస్టమ్ ఫైవ్‌లో "సార్" అనే పనిముట్టు వచ్చింది. లైనక్స్ కోసం సెబాస్టియన్ గోడార్ తయారుచేసిన "సిస్‌స్టాట్" ప్యాకేజీలో అది నేటికీ వాడుకలో ఉంది.

పని చాలా సాదా. నిర్ణీత వేళకు ప్రోగ్రాములు నడిపే "క్రాన్" పది నిమిషాలకోసారి ఒక చిన్న ప్రోగ్రామును లేపుతుంది. అది కెర్నల్ దగ్గరున్న అంకెలన్నీ చదివి, ఆ రోజు ఫైలులో ఒక రికార్డు చేర్చి నిద్రపోతుంది. రోజుకు 144 రికార్డులు. నెల దాటినా చిన్న ఫైళ్లే. ఎన్ని రోజులు దాచాలో మనమే చెప్పవచ్చు. తర్వాత "సార్" అని అడిగితే, ఫలానా తేదీన ఫలానా వేళ ప్రాసెసర్ ఎలా ఉంది, మెమరీ ఎలా ఉంది అని వరుసలు వరుసలుగా చూపిస్తుంది. ఆ వేళ ఎవరూ యంత్రం దగ్గర లేకపోయినా సరే.

క్యూ ఎందుకు ఉన్నట్టుండి పెరుగుతుంది?

ఆ వరుసలు చదవాలంటే ముందు ఒక చిన్న గణితం తెలియాలి. కోపెన్‌హేగన్ టెలిఫోన్ కంపెనీలో పనిచేసిన గణితజ్ఞుడు ఎ.కె. ఎర్లాంగ్ 1909లో ఫోన్‌కాల్స్ రాక మీద రాసిన వ్యాసంతో క్యూల శాస్త్రం మొదలైంది. ఎన్ని లైన్లు వేస్తే ఎంతమందికి కాల్ దొరుకుతుంది అన్నది ఆయన సమస్య. మన సమస్యా అదే.

ఒక అభ్యర్థనకు ఖాళీ సర్వర్‌లో 50 మిల్లీసెకన్లు పడుతుందనుకుందాం. అభ్యర్థనలు వేళాపాళా లేకుండా వస్తుంటే, అతి సరళమైన నమూనాలో ఒక్కో అభ్యర్థనకు పట్టే మొత్తం కాలం ఆ 50ని యంత్రంలో మిగిలిన ఖాళీ భాగంతో భాగిస్తే వస్తుంది. యంత్రం సగం పనిలో ఉంటే 100 మిల్లీసెకన్లు. 80 శాతం పనిలో ఉంటే 250. 90 శాతానికి 500. 95 శాతానికి ఒక సెకను. 99 శాతానికి 5 సెకన్లు.

సున్నా నుంచి 80 శాతం దాకా ఎవరూ గమనించని ఆలస్యం, చివరి కొద్ది శాతాల్లో ఒక్కసారిగా విరుచుకుపడుతుంది. "నిన్నటిదాకా బాగానే ఉంది, ఇవాళ ఒక్కసారి పడిపోయింది" అని జనం చెప్పేది అందుకే. నిన్న 88 దగ్గర ఉందన్న సంగతి ఎవరూ చూసి ఉండరు.

రెండో సూత్రం జాన్ లిటిల్ 1961లో నిరూపించింది. లోపల ఉన్న పనుల సంఖ్య, సెకనుకు వచ్చే పనులను ఒక్కోదానికి పట్టే సెకన్లతో గుణిస్తే వస్తుంది. సెకనుకు 100 అభ్యర్థనలు వస్తూ ఒక్కోదానికి 0.4 సెకను పడితే, ఏ క్షణాన చూసినా లోపల సగటున 40 ఉంటాయి. ఒక్కోదానికి 20 ఎంబీ మెమరీ కావాలంటే 800 ఎంబీ. ఏ కారణం చేతనైనా ఆలస్యం ఒక సెకనుకు పెరిగిందా, లోపల 100 అభ్యర్థనలు, 2,000 ఎంబీ. బయట జనం ఒక్కరు కూడా పెరగలేదు, లోపల మెమరీ అవసరం మాత్రం రెండున్నర రెట్లయింది. ఒక వనరు దగ్గర పుట్టిన ఆలస్యం ఇంకో వనరు మీద పడేది ఇలాగే. పేజీ రాలేదని జనం మళ్లీ మళ్లీ నొక్కితే అభ్యర్థనల సంఖ్య కూడా పెరుగుతుంది.

ఒక ఫలితాల ఉదయం

ఇప్పుడు ఒక ఊహా ఉదాహరణ తీసుకుందాం. హన్మకొండలో ఒక కళాశాల. సొంత సర్వర్, నాలుగు కోర్లు, 8 జీబీ మెమరీ. ఉదయం 11:00కి సెమిస్టర్ ఫలితాలు పెట్టారు. పదకొండుంబావు కల్లా పేజీ తెరుచుకోవడం మానేసింది. 11:45కి రీస్టార్ట్ చేశారు, అంతా సర్దుకుంది. అదృష్టవశాత్తు పది నిమిషాలకొక వరుస రాసే లాగ్ నడుస్తోంది.

10:50 వరుస: ప్రోగ్రాముల కోసం ప్రాసెసర్ 6 శాతం, డిస్క్ నిరీక్షణ 1 శాతం, అందుబాటులో మెమరీ 1,000 ఎంబీ, లోడ్ 0.3.

11:00: ప్రాసెసర్ 9 శాతం, నిరీక్షణ 1 శాతం, మెమరీ 900, లోడ్ 0.6.

11:10: ప్రాసెసర్ 31 శాతం, నిరీక్షణ 12 శాతం, మెమరీ 60, స్వాప్ రాకపోకలు మొదలు, లోడ్ 9.

11:20: ప్రాసెసర్ 14 శాతం, నిరీక్షణ 63 శాతం, మెమరీ 40, స్వాప్ ఉధృతం, లోడ్ 38.

11:30: వరుస లేదు.

11:40: ప్రాసెసర్ 12 శాతం, నిరీక్షణ 66 శాతం, లోడ్ 41.

తర్వాత రీస్టార్ట్ జరిగినట్టు ఒక గుర్తు. 11:50: మెమరీ 5,400, లోడ్ 1.1.

సమావేశంలో మొదటి మాట లోడ్ మీదే వస్తుంది. "నాలుగు కోర్లకు 38 లోడా? పెద్ద ప్రాసెసర్ కొనాల్సిందే." కానీ 11:10 నుంచి 11:20కి లోడ్ నాలుగింతలవుతుంటే ప్రాసెసర్ వాడకం 31 నుంచి 14కు పడిపోయింది. ప్రాసెసర్‌కు పని అందడమే లేదు. ఆ 38లో అధికభాగం డిస్క్ దగ్గర ఆగిన పనులు. 1993 నాటి మార్పు వల్ల వాటినీ లైనక్స్ లోడ్‌లో లెక్కేసింది.

రెండో మాట: "అయితే డిస్క్ మార్చండి, వేగంగా ఉండేది వేయండి." ఇదీ తొందరపాటే. మార్కుల పేజీ చిన్నది, దానికి అంత డిస్క్ పని ఉండదు. డిస్క్‌ను నలిపింది స్వాప్. మెమరీ చాలనప్పుడు కెర్నల్ కొన్ని భాగాలను డిస్క్ మీద పెట్టి, అవసరమైనప్పుడు మళ్లీ తెచ్చుకుంటుంది. డిస్క్ ఎంత మంచిదైనా మెమరీ అంత వేగంగా ఉండదు. కాబట్టి అసలు కొరత మెమరీది. వరుసలు కూడా ఆ క్రమాన్నే చూపిస్తున్నాయి. మెమరీ 60కి పడిపోయిన వరుసలో డిస్క్ నిరీక్షణ ఇంకా 12 శాతమే. అది 63కు ఎగబాకింది తర్వాతి వరుసలో. కారణం ముందు, ఫలితం తర్వాత. అప్పటికప్పుడు స్క్రీన్ మీద చూసే మనిషికి ఈ ముందువెనకలు అందవు.

మెమరీని చదివేటప్పుడు ఒక జాగ్రత్త. వాడకుండా పడి ఉన్న మెమరీని లైనక్స్ ఫైళ్ల నకళ్లు దాచుకోవడానికి వాడుకుంటుంది, అడిగితే వెంటనే తిరిగిస్తుంది. కాబట్టి "ఖాళీ" అన్న గడిలో తక్కువ అంకె ఉంటే భయపడనక్కరలేదు. చూడవలసింది "అందుబాటులో" అన్న లెక్క. దాన్ని కెర్నల్ నేరుగా చూపించడం 2014లో 3.14 వెర్షన్‌తో మొదలైంది.

మూడో మాట ఇక తేలికైనది: "8 జీబీ చాలట్లేదు, 16 వేయండి." చాలా కార్యాలయాల్లో విచారణ ఇక్కడ ముగుస్తుంది. అసలు ప్రశ్న ఇక్కడే మొదలవుతుంది. ఫలితాలు పెట్టకముందే, 10:50కే, 8 జీబీలో వెయ్యి ఎంబీ మాత్రమే ఎందుకు మిగిలింది? రీస్టార్ట్ తర్వాత అదే సర్వర్‌లో 5,400 ఉంది కదా?

దీనికి జవాబు ఆ రోజు ఫైలులో లేదు. వెనక్కి వెళ్లాలి. గత నెలలో ఎవరూ ఫిర్యాదు చేయని రోజుల ఫైళ్లు తెరిచి, ఎవరూ వాడని తెల్లవారుజామున 4:00 వరుసలు మాత్రం పక్కపక్కన పెట్టి చూస్తే: 5,400, 5,250, 5,100, 4,950... రోజుకు 150 ఎంబీ చొప్పున తగ్గుతూ వచ్చింది. రోజులో ఏ వేళ తగ్గుతోంది? ప్రతి రాత్రీ 2:00కీ 2:10కీ మధ్య. ఆ వేళ నడిచేది హాజరు నివేదిక తయారుచేసే ప్రోగ్రాము. అది తీసుకున్న మెమరీని పూర్తిగా తిరిగి ఇవ్వడం లేదు. నెలరోజుల్లో నాలుగు జీబీకి పైగా మింగేసింది.

ఇప్పుడు లిటిల్ సూత్రంతో సరిచూద్దాం. ఒక్కో అభ్యర్థనకు 20 ఎంబీ అయితే వెయ్యి ఎంబీలో 50 మాత్రమే పడతాయి. రీస్టార్ట్ తర్వాతి 5,400 ఎంబీలో 270 పడతాయి. అదే రద్దీ శుభ్రంగా ఉన్న సర్వర్ మీదికి వచ్చి ఉంటే, ఎవరికీ తెలియకుండానే దాటిపోయేది. 16 జీబీ వేసి ఉంటే? రోజుకు 150 చొప్పున ఇంకో యాభై నాలుగు రోజుల తర్వాత మళ్లీ ఇదే చోటికి వచ్చేవాళ్లు, ఈసారి ఇంకా అయోమయంగా. రీస్టార్ట్ అన్నిటికీ మందులా కనబడేదీ ఇందువల్లే. అది పేరుకున్నదాన్ని ఊడ్చేస్తుంది, పేరుకున్న ఆనవాళ్లను కూడా ఊడ్చేస్తుంది.

గమనించారా, దొంగ దొరికింది గొడవ జరిగిన ఉదయపు వరుసల్లో కాదు. ఏమీ జరగని ముప్పై రాత్రుల వరుసల్లో. ఎవరూ చదవరని అనుకునే ఆ సాదా రోజుల లెక్కలకు ఈ పద్ధతిలో ఉన్న విలువ అది. ఇబ్బంది వచ్చాక "ఇకనుంచి లాగ్ పెట్టండి" అని ఆదేశిస్తే వచ్చే లాగ్‌లో పోల్చి చూడటానికి ఏమీ ఉండదు. 31 శాతం ఎక్కువా తక్కువా అంటే, మంగళవారం ఉదయం పదకొండుకు మామూలుగా ఎంత ఉంటుందో తెలిస్తేనే చెప్పగలం.

ఎంతసేపటికి ఒకసారి?

2023 జులై 26 ఉదయం 8:30 నుంచి మర్నాడు ఉదయం 8:30 దాకా, ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో 649.8 మిల్లీమీటర్ల వాన నమోదైంది. గంటకు సగటు తీస్తే 27 మిల్లీమీటర్లు. ఆ సగటు చూసి ఏ గంటలో వాగులు ఎంత ఉధృతంగా వచ్చాయో చెప్పలేం. అదే వానలకు పక్క భూపాలపల్లి జిల్లాలో మోరంచవాగు పొంగి మోరంచపల్లి మునిగింది. వంతెన ఎత్తు నిర్ణయించేవారికి కావలసింది రోజు మొత్తం కాదు, అత్యంత ఉధృతమైన ఒక గంట. అందుకు ఆ గంటలను విడివిడిగా కొలిచి ఉండాలి.

సర్వర్ లాగ్‌కూ ఇదే వర్తిస్తుంది. పది నిమిషాల్లో 30 సెకన్లు ప్రాసెసర్ నూటికి నూరు శాతం పనిలో ఉండి, మిగతా 570 సెకన్లు 10 శాతం మాత్రమే ఉందనుకోండి. సగటు 14.5 శాతం. వరుస చూస్తే అంతా ప్రశాంతం. ఆ 30 సెకన్లలో ఫీజు చెల్లించబోయిన విద్యార్థికి మాత్రం డబ్బు కట్ అయిందో లేదో తెలియని పరిస్థితి.

రెండో చిక్కు ఇంకా సూక్ష్మమైనది. ప్రాసెసర్ కాలం లాంటివి పేరుకునే లెక్కలు. మధ్యలో ఎప్పుడు ఖర్చయినా తేడాలో చేరతాయి. మెమరీ, లోపల నడుస్తున్న ప్రోగ్రాముల జాబితా లాంటివి అలా కాదు, ఆ క్షణాన ఉన్నదే కనిపిస్తుంది. 3:04కి మొదలై 3:07కి ముగిసే పని ఒకటి సగం మెమరీ తినేసి వదిలేసినా, 3:00 వరుసలోనూ 3:10 వరుసలోనూ దాని జాడ ఉండదు. దీనికి తిరగబడ్డ తప్పు కూడా ఉంది. క్రాన్‌లో చాలామంది పనులను గంట కొట్టిన నిమిషానికే పెడతారు. లాగ్ కూడా అదే నిమిషంలో చదివితే, రెండు నిమిషాల రద్దీ రోజంతా ఉన్నట్టు కనిపిస్తుంది. ఎంత వేగంగా మారేదాన్ని పట్టుకోవాలో, దానికి కనీసం రెండింతల వేగంతో కొలవాలన్నది హారీ నైక్విస్ట్ 1928 నాటి పని నుంచి, క్లాడ్ షానన్ 1949 నాటి రుజువు నుంచి సంకేతాల శాస్త్రానికి దక్కిన సూత్రం.

అయితే సెకనుకోసారి రాస్తే సరిపోదా? రోజుకు 144 బదులు 86,400 వరుసలు. ఒక సర్వర్‌కు ఫరవాలేదు, వెయ్యి సర్వర్లకు భారమే. పైగా కొలిచే పని కూడా యంత్రం మీదే నడుస్తుంది. ఈ బేరాన్ని చక్కగా కుదిర్చినవాడు టోబియాస్ ఓటికర్. ఇంగ్లండ్‌లోని డి మాంట్‌ఫర్ట్ విశ్వవిద్యాలయంలో ఉన్నప్పుడు, బయటి ప్రపంచానికి ఉన్న ఒకే ఒక్క 64 కిలోబిట్ల లైను ఎలా వాడుతున్నారో ఐదు నిమిషాలకోసారి కొలిచి గ్రాఫు గీసే ఎంఆర్‌టీజీ అనే ప్రోగ్రాము రాసి, 1995లో లోకానికి ఇచ్చాడు. 1999లో వచ్చిన ఆయన ఆర్ఆర్‌డీటూల్‌లో ఫైలు పరిమాణం మొదటి రోజే స్థిరపడిపోతుంది. ఈ రెండు రోజుల లెక్క ఐదు నిమిషాల వివరంతో, పోయిన నెలది గంటల సగటుగా, పోయిన ఏడాదిది రోజుల సగటుగా కుదించుకుంటూ పోయేలా అమర్చుకోవచ్చు. కుదించేటప్పుడు సగటుతో పాటు గరిష్ఠాన్ని కూడా ఉంచమని చెప్పడం మరిచిపోకూడదు. సగటు ఒక్కటే ఉంచితే ఏడాది తర్వాత మిగిలేది చదునైన గీత.

2012లో సౌండ్‌క్లౌడ్ సంస్థలో మొదలైన ప్రొమీథియస్ లాంటి కొత్త పనిముట్లు 15 సెకన్లకోసారి కొలవడాన్ని మామూలు విషయం చేశాయి. ఒకే సర్వర్ ఉన్న కళాశాలకు అంత అవసరం లేదు. మామూలు రోజుల్లో పది నిమిషాలు కాక ఒక నిమిషం పెట్టుకుని, ఫలితాల రోజు ఒక గంట ముందు నుంచి ఐదు సెకన్లకు మార్చుకుంటే చాలు.

లాగ్‌కూ జాగ్రత్తలు కావాలి

మొదటిది గడియారం. చాలా సర్వర్లు అంతర్జాతీయ కాలమానంలో నడుస్తాయి, మన కాలానికి అయిదున్నర గంటలు వెనక. మధ్యాహ్నం 3:30కి విడుదలైన ఫలితం రద్దీ లాగ్‌లో 10:00 దగ్గర కనబడుతుంది. మన అర్ధరాత్రి అందులో 18:30. మడికొండలో 2020 జనవరిలో టెక్ మహీంద్రా, సైయెంట్ కార్యాలయాలు మొదలయ్యాక వరంగల్ కుర్రవాళ్లు ఊరు దాటకుండానే సాఫ్ట్‌వేర్ రంగంలో పనిచేయడం మొదలుపెట్టారు. వాళ్లకు, డాలస్‌లో ఉన్న సహోద్యోగికి, సర్వర్‌కు మూడు గడియారాలుంటే "పదకొండుకు పడిపోయింది" అన్న మాటకు మూడు అర్థాలు. లాగ్‌ను ఒకే కాలమానంలో ఉంచి, నెట్‌వర్క్ ద్వారా వేళ సరిచూసే ఎన్‌టీపీతో గడియారాలు సరిచేసుకోవాలి.

రెండోది ఖాళీ వరుస. మన ఉదాహరణలో 11:30 వరుస లేదు. దాన్ని లాగ్ లోపంగా తీసిపారేయకూడదు. వరుస రాసే చిన్న ప్రోగ్రాముకు కూడా ఊపిరాడలేదన్న సాక్ష్యం అది. నెట్‌వర్క్ ద్వారా వేరే యంత్రానికి కూడా లెక్కలు పంపుతుంటే, సర్వర్ పూర్తిగా మూగబోయిన నిమిషం కూడా తెలుస్తుంది.

మూడోది అద్దె సర్వర్లు. క్లౌడ్‌లో మనది అనుకునే యంత్రం, నిజానికి ఒక పెద్ద యంత్రంలో వాటా. ప్రాసెసర్ లెక్కల్లో "స్టీల్" అనే గడి ఉంటుంది. మన పని సిద్ధంగా ఉన్నా, అసలు యంత్రం ప్రాసెసర్‌ను వేరేవారికి ఇచ్చిన కాలం అందులో పడుతుంది. ఆ గడిలో అంకెలు పెరిగితే మన ప్రోగ్రామును ఎంత తిరగరాసినా లాభం లేదు. మాట్లాడవలసింది అద్దెకిచ్చిన కంపెనీతో.

నాలుగోది డిస్క్. ఎప్పుడూ పెరిగే లాగ్ ఒకనాడు డిస్క్‌ను నింపి, కాపాడవలసిన సర్వర్‌నే పడగొట్టవచ్చు. పాతవి ఎప్పుడు తీసేయాలో మొదటి రోజే నిర్ణయించాలి. అయితే కనీసం పోయిన ఏడాది ఫలితాల వారం మాత్రం దాచుకోవాలి. ఏడాదికోసారి వచ్చే రద్దీకి పోలిక ఏడాది వెనకే ఉంటుంది.

ఐదోది మనుషులు రాయవలసిన వరుస. కొత్త వెర్షన్ ఎప్పుడు పెట్టారు, బ్యాకప్ వేళ ఎప్పుడు మార్చారు, ఫలితాలు ఏ నిమిషంలో విడుదలయ్యాయి అన్నవి యంత్రానికి తెలియవు. ఒక నోట్ ఫైలులో తేదీ, వేళ, చేసినవారి పేరు రాసుకుంటే చాలు. సగం విచారణలు అక్కడే ముగుస్తాయి.

డబ్బు ఎక్కడ పెట్టాలి?

ఇదంతా ఇంజనీర్ల ముచ్చటగా కనిపించినా, చివరికి తేలేది ప్రజల డబ్బు లెక్క. లాగ్ లేని చోట ప్రతి ఇబ్బందికీ ఒకే మందు: పెద్ద యంత్రం. కొన్నిసార్లు అదే సరైన మందు కావచ్చు. ప్రాసెసర్ వాడకం ఏడాది పొడవునా నెలనెలా పెరుగుతూ 85 దాటితే కొనాల్సిందే. కానీ ఏడాదికి ఒక్క మధ్యాహ్నం వచ్చే ఉప్పెన కోసం ఏడాదంతా పెద్ద యంత్రాన్ని పోషించడం తెలివైన పని కాదు. ఫలితాలు విడుదలయ్యాక మారవు. ప్రతి హాల్‌టికెట్‌కూ డేటాబేస్‌ను అడగడం మాని, పేజీలన్నీ ముందే తయారుచేసి పెట్టుకుంటే మామూలు యంత్రమే ఎన్నో రెట్ల రద్దీని తట్టుకుంటుంది. ఆ ఒక్క రోజుకు అదనపు సర్వర్లు అద్దెకు తీసుకుని మర్నాడు తిరిగిచ్చేయవచ్చు. ఏ దారి పట్టాలో చెప్పేవి వరుసలే.

మార్పు చేశాక కూడా వరుసలతో పని తీరదు. హాజరు నివేదిక ప్రోగ్రామును సరిచేశామని కాంట్రాక్టరు చెబితే, నమ్మాలా వద్దా అన్న చర్చ అక్కరలేదు. వరసగా పది రోజులు తెల్లవారుజామున 4:00 వరుస చూస్తే సరి. మెమరీ అంకె నిలకడగా ఉంటే బిల్లు మీద సంతకం పెట్టవచ్చు. రోజుకు 150 తగ్గుతూనే ఉంటే బిల్లు వెనక్కి పంపవచ్చు. టెండరు పత్రంలో "సర్వర్ ఎల్లవేళలా అందుబాటులో ఉండాలి" అన్న వాక్యం పక్కన, "నిమిషానికోసారి వనరుల వాడకం నమోదు చేసి, పదమూడు నెలలు దాచి, అడిగినప్పుడు ఇవ్వాలి" అన్న వాక్యాన్ని కూడా చేర్చాలి. మొదటి వాక్యం నెరవేరిందో లేదో తేల్చే సాక్ష్యం రెండో వాక్యం వల్లే దొరుకుతుంది.